రిపోర్టులన్నీ నార్మలే, అయినా రోజంతా ఊగినట్టే ఉంటుంది. ఏం చేయాలి?

అమ్మా, మీరు రాసింది శ్రద్ధగా చదివాను. ఇదే బాధతో ఇది చదివే మిగతావాళ్ళ కోసం ముందు మీ సంగతి క్లుప్తంగా చెబుతాను. మీది గుంటూరు, వయసు 44, స్కూల్లో టీచర్. ఐదు నెలల కిందట ఒక తెల్లవారుజామున మంచం మీద కుడివైపు ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగింది, వాంతులయ్యాయి, ఆస్పత్రిలో సెలైన్ పెట్టి ఇంజెక్షన్ చేశారు. ఎమ్మారై, ఈసీజీ, షుగర్, బీపీ అన్నీ నార్మల్. మెడ ఎక్స్‌రే చూసి సర్వైకల్, అంటే మెడ ఎముకల అరుగుదల అన్నారు, మెడకు కాలర్ ఇచ్చారు. ఆ గిర్రున తిరగడం రెండు మూడు వారాల్లో పోయింది గానీ అప్పటినుంచి పడవలో నిలబడ్డట్టు రోజంతా ఊగుడు. చీరల షాపులో, సూపర్ మార్కెట్లో, విజయవాడ వచ్చే రైల్లో ఇంకా ఎక్కువ. మూడు దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నారు, కుడివైపు తిరగడమే మానేశారు. మీవారేమో మనసులో పెట్టుకున్నావు, అంతే అంటున్నారు. మెదడులో ఏమైనా ఉందా, మాత్రలు ఎన్నాళ్ళు వాడాలి, ఉద్యోగం మానేయాలా, అసలు ఇది పోతుందా అని అడిగారు.

నేను విజయవాడలో ఫిజియోథెరపిస్టుని. చాలా ఏళ్ళుగా నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కళ్ళు తిరుగుతున్నాయని వచ్చేవాళ్ళే. మిమ్మల్ని చూడకుండా ఇదీ జబ్బు అని ఖాయంగా చెప్పను, కానీ మీరు చెప్పిన వరస చూస్తే నాకు రెండు వేరువేరు సమస్యలు ఒకదాని వెనక ఒకటి వచ్చినట్టు కనిపిస్తోంది. మొదటిది చెవిది. రెండోది, ఇప్పుడు మిమ్మల్ని వేధిస్తున్నది, ఆ చెవి దెబ్బ తర్వాత మెదడు నేర్చుకున్న ఒక అలవాటు. రెండూ నిజమైనవే, రెండూ తగ్గేవే. ఉద్యోగం మాత్రం మానకండి.

అన్నిటికన్నా ముందు ఒక మాట. కళ్ళు తిరగడంతో పాటు మాట ముద్దగా రావడం, మూతి వంకరపోవడం, ఒక చేయి గానీ కాలు గానీ పట్టు తప్పడం, ఒకటి రెండుగా కనిపించడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి, పట్టుకున్నా నిలబడలేకపోవడం, వీటిలో ఏది వచ్చినా పైత్యమనీ నీరసమనీ నిమ్మకాయ నీళ్ళు తాగి పడుకోకూడదు. 108కి ఫోన్ చేసి న్యూరాలజీ ఉన్న ఆస్పత్రికి వెళ్ళాలి. వెనక మెదడుకు వచ్చే స్ట్రోక్ మొదటి గంటల్లో సీటీ స్కాన్లో కనపడకుండా పోవచ్చు, కాబట్టి స్కాన్ బాగుందన్నా ఈ లక్షణాలు ఉంటే అక్కడే ఉండి డాక్టరుకు మళ్ళీ చెప్పండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకుండా పోయినా అదే తొందర, ఆరోజో మర్నాడో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. మీకు ఐదు నెలల్లో ఇవేవీ రాలేదు, ఎమ్మారై కూడా బాగుంది కాబట్టి మెదడులో గడ్డ ఉందేమో అన్న భయం మీరు వదిలేయొచ్చు.

ఇక మొదటి సమస్య. లోపలి చెవిలో ఒక సంచిలాంటి చోట సన్నటి స్ఫటికాలు ఉంటాయి, కాల్షియం కార్బొనేటువి, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే. అవి ఊడి, తల తిరగడాన్ని పసిగట్టే అర్ధవృత్తపు కాలువల్లోకి జారితే, పక్కకి ఒత్తిగిలినప్పుడో పైకి చూసినప్పుడో వంగినప్పుడో ఆ కాలువలో ద్రవం కదిలి, తల ఆగినా ఇంకా తిరుగుతున్నట్టు మెదడుకు తప్పుడు కబురు వెళుతుంది. ఒక్కో విడత నిమిషం లోపే ఉంటుంది, కానీ ఆ నిమిషం మనిషిని వణికించేస్తుంది. దీన్నే డాక్టర్లు బీపీపీవీ అంటారు. కళ్ళు తిరిగే సమస్యల్లో చాలా మామూలుగా కనిపించేది ఇదే, చాలా తేలిగ్గా నయమయ్యేదీ ఇదే. అయినా మీకు ఐదు నెలల్లో దీనికి చేయాల్సిన పరీక్ష ఒక్కసారి కూడా జరిగినట్టు లేదు, అది నాకు బాధగా అనిపించింది.

ఆ పరీక్షకు మిషన్లు అక్కర్లేదు. బల్ల మీద కూర్చోబెట్టి, తల 45 డిగ్రీలు పక్కకి తిప్పి, చప్పున వెనక్కి పడుకోబెట్టి, తల అంచు నుంచి కొంచెం కిందికి వాలేలా పట్టుకుని కళ్ళలోకి చూస్తారు. స్ఫటికాలు కాలువలో ఉంటే కొన్ని సెకన్లకు కనుగుడ్లు వాటంతటవే కొట్టుకుంటాయి, కాసేపటికి ఆగుతాయి. డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు డాక్టర్లు 1952లో చెప్పిన పరీక్ష ఇది, వాళ్ళ పేర్లతోనే పిలుస్తారు. పాజిటివ్ వస్తే అదే బల్ల మీద తలను వరసగా కొన్ని భంగిమల్లో తిప్పి ఆ స్ఫటికాలను వాటి చోటికి పంపిస్తారు. దాన్ని ఎప్లే అంటారు, అమెరికాలో జాన్ ఎప్లే 1992లో ప్రచురించిన పద్ధతి. పది నిమిషాల పని. చాలామందికి ఒకటి రెండు సిట్టింగుల్లో తగ్గిపోతుంది. యూట్యూబ్ చూసి మొదటిసారే మీరు ఒంటరిగా చేసుకోకండి, ఏ చెవి, ఏ కాలువ అన్నది కళ్ళు చూస్తేనే తెలుస్తుంది, తప్పు వైపు చేస్తే వాంతులు తప్ప ఏమీ మిగలదు. గుంటూరు ప్రభుత్వ పెద్దాస్పత్రి (జీజీహెచ్) ఈఎన్‌టీ ఓపీలో అయినా, ప్రైవేటులో అయినా సరే, "డిక్స్ హాల్‌పైక్ చేసి చూడండి సార్" అని మీరే అడగండి. అలా అడగడంలో తప్పేమీ లేదు.

ఇంకో సంగతి. ఈ స్ఫటికాలను ఏ మాత్రా కదిలించలేదు. ఎప్లే తర్వాత కూడా కూర్చుని నిద్రపోవాలి, ఆ పక్కకి తిరగకూడదు అన్న నియమాలు అక్కర్లేదని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. కాబట్టి ఆ మూడు దిండ్లు తీసేయొచ్చు. స్ఫటికాల సమస్య మళ్ళీ మళ్ళీ వస్తుంటే విటమిన్ డి చూపించుకోండి. అది తక్కువగా ఉన్నవాళ్ళకు విటమిన్ డి, కాల్షియం కలిపి ఇస్తే తిరిగి రావడం తగ్గుతుందని 2020లో దక్షిణ కొరియాలో చేసిన పెద్ద పరిశోధనలో తేలింది.

ఇప్పుడు అసలు మిమ్మల్ని తినేస్తున్న విషయానికి వస్తాను. స్ఫటికాల జబ్బు అయితే తల కదిలినప్పుడే, నిమిషం లోపే. మీకేమో రోజంతా ఊగుడు. గది తిరగదు, మీరే తూలుతున్నట్టు ఉంటుంది. నిలబడితే ఎక్కువ, పడుకుంటే తక్కువ. మనుషులు అటూ ఇటూ కదిలే చోట, గళ్ళ టైల్స్ మీద, ఫోన్లో బొమ్మలు వేగంగా పైకి తోస్తుంటే ఇంకా ఎక్కువ. మూడు నెలలు దాటి ఎక్కువ రోజులు ఇలా ఉంటే దానికి ఒక పేరు ఉంది. పర్సిస్టెంట్ పోస్చురల్ పర్సెప్చువల్ డిజ్జీనెస్, మేం ట్రిపుల్ పీడీ అంటాం. కొత్తగా పుట్టిన జబ్బేమీ కాదు, జర్మనీలో బ్రాండ్ట్, డీటరిక్ అనే న్యూరాలజిస్టులు 1986లోనే ఇలాంటి రోగుల గురించి వేరే పేరుతో రాశారు. లోపలి చెవి మీద పరిశోధనకు 1914 నోబెల్ బహుమతి పొందిన రాబర్ట్ బారనీ పేరుతో ఉన్న అంతర్జాతీయ సంఘం 2017లో దీన్ని ఎలా గుర్తించాలో లక్షణాలు ఖరారు చేసింది. అవి మీకు దాదాపు అన్నీ సరిపోతున్నాయి.

మనం నిలబడటానికి మెదడు మూడు చోట్ల నుంచి కబురు తీసుకుంటుంది: లోపలి చెవి, కళ్ళు, పాదాలూ కీళ్ళూ. చెవి ఒకసారి ఘోరంగా మోసం చేసేసరికి మెదడు దాన్ని నమ్మడం తగ్గించి కళ్ళ మీద మొత్తం భారం వేస్తుంది, కాళ్ళనూ మెడనూ బిగబడుతుంది, ప్రతి అడుగునూ కనిపెట్టి చూస్తుంది. ఆ మొదటి రోజుల్లో అది అవసరమే. చెవి బాగుపడ్డాక కూడా ఆ కాపలా ఎత్తేయకపోవడమే ఈ జబ్బు. దొంగలు పడ్డ ఇంట్లోవాళ్ళు ఆ తర్వాత కొన్నాళ్ళు పిల్లి కదిలినా లేచి కూర్చుంటారు చూడండి, అలాగ. కళ్ళ మీద అంతగా ఆనుకున్నప్పుడు చుట్టూ అన్నీ కదిలే మా విజయవాడ బీసెంట్ రోడ్డు లాంటి చోటికి వెళితే మెదడుకు పట్టుకోవడానికి స్థిరమైనది ఏదీ దొరకదు, అందుకే అక్కడ తూలుతున్నట్టు ఉంటుంది. ఎమ్మారై మెదడు ఆకారాన్ని చూపిస్తుంది, మెదడు ఈ మూడు కబుర్లను ఎలా కలుపుకుంటుందో చూపించదు. రిపోర్టు నార్మల్ రావడానికీ మీరు బాధపడటానికీ మధ్య వైరుధ్యమే లేదు.

మీవారికి ఈ పేరా చదివి వినిపించండి. ఇది ఊహ కాదు సార్, నాటకం అంతకన్నా కాదు. ఆవిడ శరీరంలో ఆ ఊగుడు నిజంగా తెలుస్తోంది. టెన్షన్ పడితే అది పెరుగుతుంది, ఆ మాట నిజమే, ఎందుకంటే భయాన్ని చూసుకునే వ్యవస్థా బ్యాలెన్స్‌ను చూసుకునే వ్యవస్థా మెదడులో గట్టిగా ముడిపడి ఉన్నాయి. కానీ "మర్చిపో, పట్టించుకోకు" అంటే తగ్గదు. ఆవిడతో పాటు నడవండి, చేయి పట్టుకోకుండా, పక్కనే.

చేయి పట్టుకోకుండా అని ఎందుకన్నానంటే, నా అనుభవంలో ఈ జబ్బును నెలల తరబడి నిలబెట్టేది మనం తీసుకునే జాగ్రత్తలే. గోడ పట్టుకుని నడవడం, పక్కకి చూడాలంటే మెడ తిప్పకుండా ఒళ్ళంతా తిప్పడం, నేల చూస్తూ నడవడం, కళ్ళు మూసుకుని తల మీద నీళ్ళు పోసుకోవడానికి భయపడి మెడ కిందకే స్నానం చేయడం, పైఅరలో డబ్బా కోసం పిల్లల్ని పిలవడం, పొద్దున లేవగానే "ఇవాళ ఉందా లేదా" అని చెక్ చేసుకోవడం. ఒక్కొక్కటీ తెలివైన పనిలాగే ఉంటుంది. అన్నీ కలిసి మెదడుకు "ప్రమాదం ఇంకా ఉంది" అని రోజూ చెబుతాయి. మెడ కాలర్ వీటన్నిటిలోకీ చెడ్డది. నలభై దాటినవాళ్ళ మెడ ఎక్స్‌రేలో అరుగుదల కనిపించడం చాలా మామూలు, దానివల్లే కళ్ళు తిరుగుతున్నాయని చెప్పడానికి అది ఒక్కటే చాలదు. చెవీ కళ్ళూ మళ్ళీ కలిసి పనిచేయాలంటే తల తిరగాలి, కాలర్ దాన్నే ఆపేస్తుంది. చేతుల్లోకి పాకే నొప్పి, తిమ్మిరి, బలహీనత లాంటివి లేకపోతే, కాలర్ తీయడం గురించి మీ డాక్టరును ఈ వారమే అడగండి.

మాత్రల సంగతి. ప్రోక్లోర్‌పెరజైన్, అంటే స్టెమెటిల్, ఇంకా సిన్నరిజిన్, అంటే స్టుజెరాన్, ఈ రెండూ గది గిర్రున తిరిగి వాంతులయ్యే ఆ మొదటి రెండు మూడు రోజులకు మంచి మందులు. నెలల తరబడి వాడేవి కావు. అవి బ్యాలెన్స్ కబుర్లను మందగింపజేస్తాయి, దాంతో మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది. పెద్దవయసు వాళ్ళలో ఎక్కువకాలం వాడితే చేతులు వణకడం, నడక నెమ్మదించడం, పార్కిన్సన్ లాంటి లక్షణాలు కూడా రావచ్చు. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళ మందుల కవర్లో ఏళ్ళనాటి చీటీతో ఈ మాత్రలు కనిపిస్తూనే ఉంటాయి, మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తున్నారు, ఇళ్ళల్లో అందరూ ఒకసారి చూసుకోవాలి. బీటాహిస్టిన్, అంటే వెర్టిన్, ఆ రకం మందు కాదు, అది మినియర్స్ అనే లోపలి చెవి జబ్బుకు ఎక్కువగా ఇస్తారు, మీ రకం ఊగుడుకు దానివల్ల పెద్దగా ఒరిగేది ఉండదు. మీ అంతట మీరు ఒక్కరోజులో అన్నీ ఆపేయకండి, రాసిన డాక్టరుకు "ఐదు నెలలైంది, ఎలా తగ్గించాలి" అని అడిగి తగ్గించుకోండి.

వ్యాయామాలు ఎక్కడినుంచి వచ్చాయో కూడా చెబుతాను, ఇది గాలి మాట అనుకోకుండా. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులో కాథోర్న్ అనే చెవి సర్జనూ కుక్సీ అనే డాక్టరూ, తలకు దెబ్బ తగిలి కళ్ళు తిరుగుతున్న సైనికుల్లో మంచం పట్టి ఉన్నవాళ్ళ కంటే కదిలేవాళ్ళు త్వరగా కోలుకోవడం గమనించి, కళ్ళూ తలా ఒళ్ళూ క్రమంగా కదిలించే వ్యాయామాలు తయారు చేశారు. ఇప్పటి వెస్టిబ్యులర్ రిహాబ్, అంటే బ్యాలెన్స్‌ను వ్యాయామాలతో తిరిగి తెచ్చే చికిత్స, అంతా దాని మీదే పెరిగింది.

మీరు మొదలుపెట్టాల్సింది ఇది. కుర్చీలో కూర్చుని బొటనవేలు కళ్ళ ఎదురుగా చాచి పట్టుకోండి. చూపు గోరు మీదే ఉంచి తల మాత్రం కుడికీ ఎడమకీ తిప్పండి, గోరు మసకబారనంత వేగంతో, నిమిషం పాటు. తర్వాత పైకీ కిందికీ. ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ, రోజుకు నాలుగైదు విడతలు, మొత్తం మీద ఇరవై నిమిషాలు అయ్యేలా. మొదటివారం నిమిషం చేయలేకపోతే ఇరవై సెకన్లు చేయండి, ఫరవాలేదు. కూర్చుని సులువైపోతే నిలబడి, ఆ తర్వాత నడుస్తూ. రెండోది, గది మూలలో గోడలకు వీపు పెట్టి, ఆనుకోకుండా, పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్ళు మూసుకోండి, ఎదురుగా ఒక కుర్చీ ఉంచుకోండి. అది కుదిరాక మడత పెట్టిన బొంత మీద. అప్పుడు కళ్ళ సాయం లేక, పాదాలకు గట్టి నేల లేక, మెదడు చెవినే నమ్మక తప్పదు. మూడోది నడక. పొద్దున్నే మీ వీధిలో నాలుగు అడుగులకొకసారి తల పక్కకి తిప్పి ఇళ్ళ గోడల మీద నంబర్లు చదువుతూ నడవండి.

కొలత ముఖ్యం. వ్యాయామం చేస్తుంటే కొంచెం తిరిగినట్టు అనిపించాలి, పదికి మూడో నాలుగో. అసలేమీ అనిపించకపోతే మరీ తేలిగ్గా చేస్తున్నట్టు. ఆపాక పదిహేను ఇరవై నిమిషాల్లో సర్దుకోవాలి. సాయంత్రం దాకా పీడిస్తే మర్నాడు సగానికి తగ్గించండి, మానేయకండి. మా దగ్గర సగంలో వదిలేసేవాళ్ళు ఎక్కువగా ఈ చోటే వదిలేస్తారు: చేస్తే ఎక్కువవుతోంది కదా, పడలేదు అని. కొంచెం ఎక్కువవడమే అక్కడ జరుగుతున్న పని.

తర్వాత రద్దీ. మీరు తప్పించుకుంటున్న చోట్లకే మెట్లు మెట్లుగా వెళ్ళాలి. ముందు జనం లేని పొద్దుటి పూట సూపర్ మార్కెట్, పది నిమిషాలు, ట్రాలీ మీద బరువు వేయకుండా. కొన్ని రోజులకు అదే సాయంత్రం పూట. తర్వాత మీ గుంటూరు బ్రాడీపేట రద్దీలో నడక. రైల్లో విజయవాడ వచ్చేటప్పుడు ముందు లోపలి సీటులో కూర్చుని దూరంగా చూడండి, అలవాటయ్యాక కిటికీ పక్కన కూర్చుని కృష్ణా వంతెన మీద కదిలిపోయే ఇనుప కమ్మీలను కూడా చూడండి. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి కిందికి పారే నీళ్ళను చూడటం చాలా పెద్ద పరీక్ష, అది చివరి నెలలకు ఉంచుకోండి. ఎక్కడైనా మరీ ఎక్కువైతే పారిపోకుండా, అక్కడే కదలని వస్తువు ఏదైనా చూస్తూ, భుజాలు వదులు చేసి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ, కొంచెం తగ్గాకే బయటికి రండి.

ఇదంతా చేసినా రెండు మూడు నెలల్లో కదలిక లేకపోతే, లేదా భయంతో ఇల్లు దాటలేకపోతుంటే, న్యూరాలజిస్టు గానీ సైకియాట్రిస్టు గానీ ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందు, అంటే డిప్రెషన్‌కూ ఆందోళనకూ ఇచ్చే రకం, తక్కువ డోసులో మొదలుపెడతారు. దాన్ని పిచ్చి మందు అని ఇంట్లో గొడవ చేయకండి. అది మత్తు మందు కాదు, ఈ జబ్బుకు డాక్టర్లు చాలాకాలంగా వాడుతున్నదే. పని చేయడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, రెండు వారాలకు ఫలితం లేదని ఆపేయడం వల్ల చాలామంది నష్టపోతారు. ఆపేటప్పుడు కూడా డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగానే. కౌన్సెలింగ్ కూడా తోడైతే ఇంకా మంచిది.

మీ డాక్టరుకు చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మీకు చిన్నప్పటినుంచి ఒంటిచెంప తలనొప్పి, వెలుతురు పడకపోవడం, బస్సు పడకపోవడం ఉండి, నెలసరి రోజుల్లో కళ్ళు తిరగడం పెరుగుతుంటే వెస్టిబ్యులర్ మైగ్రేన్, అంటే కళ్ళు తిరగడంగా బయటపడే మైగ్రేన్, అయ్యుండొచ్చు, దాని మందులు వేరు. విడతకు ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటలు గది తిరిగి, చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గడం ఉంటే మినియర్స్ గురించి చూడాలి, ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయాలి. దానికి ఉప్పు తగ్గించమంటారు, మన గుంటూరోళ్ళకు అది ఆవకాయ, గోంగూర పచ్చడి దగ్గరే మొదలవుతుంది. మీరు చెప్పినదాంట్లో అవేమీ లేవు కాబట్టి, ఎవరో చెప్పారని పచ్చళ్ళన్నీ మానేసి చప్పిడి తిండి తినక్కర్లేదు. లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మితే అది వేరే. పడుకుని ఒకసారి, లేచాక మూడు నిమిషాల లోపు మళ్ళీ బీపీ చూడాలి, పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే మందులూ ఒంట్లో నీళ్ళూ సరిచూసుకోవాలి. మన మే నెల ఎండల్లో బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్ళకు ఇది తరచూ వస్తుంది. రక్తహీనత, బి12 కూడా ఒకసారి చూపించండి.

స్కూలుకు వెళ్ళండి. బోర్డు వైపు తిరిగి రాసి పిల్లల వైపు తిరగడం, రోజుకు ఎన్నోసార్లు, మీకు దొరికిన ఉచిత వ్యాయామం. హెడ్‌మాస్టరుకు చెప్పి కొన్ని వారాలు మెట్లెక్కే క్లాసులు తగ్గించుకోండి, సెలవు పెట్టి ఇంట్లో మాత్రం కూర్చోకండి. స్కూటీ మాత్రం, తల చప్పున పక్కకి తిప్పి వెనక్కి చూసినా తూలకుండా ఉన్నానని నమ్మకం వచ్చేదాకా వద్దు. నిచ్చెన ఎక్కి బూజు దులపడం వద్దు. ఘాట్లో దిగి నదిలో మునగడం కూడా ఇప్పుడు వద్దు, నీళ్ళ కింద కళ్ళు మూసుకుంటే చెవి సరిగ్గా లేనివాళ్ళకు పైకేదో కిందికేదో తెలియకపోవచ్చు.

ఎన్నాళ్ళు అంటే, రోజూ చేసేవాళ్ళలో నెలా నెలన్నరకు తేడా తెలుస్తుంది, బాగా తేలికపడటానికి మూడు నుంచి ఆరు నెలలు. తిన్నగా తగ్గదు. జ్వరం వస్తే, రెండు రాత్రులు నిద్ర లేకపోతే, పెళ్ళిళ్ళ సీజన్లో తిరిగితే మళ్ళీ ఊగుతుంది. దాన్ని చూసి మొదటికొచ్చిందని డీలాపడి వ్యాయామం ఆపకండి, ఆ రెండు మూడు రోజులు కొంచెం తగ్గించి చేసి మళ్ళీ పాత లెక్కకు వచ్చేయండి. ఎలా ఉందో గంట గంటకీ చూసుకోవద్దు. ఆదివారం ఆదివారం ఒక నోటుబుక్కులో, ఆ వారం ఏమేం పనులు చేయగలిగారో రాయండి, ఎంత తిరిగిందో రాయకండి.

ముందు ఈఎన్‌టీకి వెళ్ళి ఆ పడుకోబెట్టే పరీక్ష చేయించుకోండి. పాజిటివ్ అయితే ఎప్లే చేయించుకున్న మర్నాటి నుంచి, నెగెటివ్ అయితే ఆ సాయంత్రం నుంచే బొటనవేలి వ్యాయామం మొదలుపెట్టండి. వెళ్ళేటప్పుడు మాత్రల చీటీలు, ఎమ్మారై రిపోర్టు, పాత ఆడియోగ్రామ్ ఉంటే అదీ తీసుకెళ్ళండి, వీలైతే మీవారిని కూడా.